ఊరిని చదవటం: బడంగ్‌పేట, దాని పరిసరాలు – ఒక పరిశీలన

ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాసిపెట్టమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు పెద్ద విషయమేదైనా ఎత్తుకొందామా అని మొదట అనుకొన్నాను. తరువాత, నేను కాపురముంటున్న ఊరిని గురించే వ్రాయటం మంచిదనిపించింది. ఇందుకు కారణం ఉంది. నేను చరిత్ర పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి. కాకతీయులు తవ్వించిన చెరువుల పేర్లు క్లాసులో గడగడా చెప్పగలను. కాని బడంగ్‌పేట పరిసరాల్లో నేను ఇల్లు కొన్న కాలనీలో వాననీరు ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోతుందో 2020 అక్టోబరు దాకా నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆ నెల 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేట వాతావరణ కేంద్రంలో ఇరవై నాలుగు గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా నమోదయింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటింది. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. క్రింది అరల్లో ఉన్న పుస్తకాలు, ఇరవై ఏళ్ళుగా వ్రాసుకొన్న పాఠాల నోట్సు, అన్నీ తడిసి ముద్దయినాయి. మూడో రోజున చీపురు పట్టుకొని బురద ఊడుస్తుంటే, ఒకప్పుడు ఆ భూముల్లోనే గొర్లు కాసిన ఒక పెద్దాయన గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఇంట్లకు నీళ్ళొచ్చినయి తాతా" అన్నాను.

"నీళ్ళు ఎప్పటి తొవ్వన్నే వచ్చినయి సారూ. మీ ఇల్లే తొవ్వల నిలవడ్డది" అన్నాడాయన.

నాకు కోపం రాలేదు. సిగ్గు వేసింది. ఆయనకు బడి చదువు లేదు, ఊరు చదవటం వచ్చు. నాకు చదువు ఉంది, ఊరు చదవటం రాదు. ఆ సిగ్గులోంచి పుట్టిన పరిశీలనే ఈ వ్యాసం.

ప్రశ్నలతో ఊరిని పట్టుకొన్నవారు

ఒక చిన్న ఊరిని పరిశోధన వస్తువుగా తీసుకోవటం కొత్తేమీ కాదు. స్కాట్లండులో సర్ జాన్ సింక్లెయిర్ అనే ఆయన 1790లో ఒక పని తలపెట్టాడు. దేశంలో ఉన్న ప్రతి పారిష్‌లోని చర్చి గురువుకు నూట అరవై పైచిలుకు ప్రశ్నలు పంపించాడు. మీ ఊళ్ళో నేల ఎటువంటిది, వాగులు ఎన్ని, జనం ఎందరు, ఏ జబ్బులు వస్తాయి, కూలి ఎంత, బడి ఉందా – ఇటువంటి ప్రశ్నలు. జవాబులు వ్రాసినవారు పండితులు కారు, ఆ ఊళ్ళో ఉంటున్నవారు. 1791 నుంచి 1799 వరకు 938 పారిష్‌ల వివరాలు 21 సంపుటాలుగా వెలువడ్డాయి. వందిళ్ళు కూడా లేని పల్లెకు సైతం అందులో నాలుగు పేజీలు దక్కాయి. ఇంగ్లీషులో 'స్టాటిస్టిక్స్' అనే మాట వాడుకలోకి రావటానికి ముఖ్య కారకుడు ఈయనే.

అదే కాలంలో స్కాట్లండు నుంచి మన దేశం వచ్చిన మరొకాయన ఇదే పని మన భాషలో చేయించాడు. ఆయన కాలిన్ మెకంజీ. లూయిస్ ద్వీపంలోని స్టోర్నవే ఆయన జన్మస్థలం. సర్వే ఉద్యోగి. ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు, ఇంకా ఇతర సహాయకులు ఊరూరా తిరిగి, కరణాలను, పెద్దలను అడిగి వ్రాయించినవే కైఫియత్తులు. ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు కట్టించారు, మాన్యాలెవరివి అనే సంగతులు వాటిలో ఉన్నాయి. కడప, కర్నూలు జిల్లాల చరిత్ర వ్రాసేవారు ఈనాటికీ వాటిని విప్పి చూడవలసిందే.

మూడో ఉదాహరణ మన ఇంటిదే. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు శామీర్‌పేట గ్రామంలో కొన్నాళ్ళు పనిచేశారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్య – ఇట్లా పలు శాఖలవారు కలిసి వెళ్ళారు. ఆ అనుభవం మీద శ్యామాచరణ్ దూబే వ్రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో అచ్చయింది. సామాజిక శాస్త్రం చదివేవారికి ప్రపంచమంతటా అది పాఠ్యగ్రంథమయింది. మన నగరం ప్రక్కనే ఉన్న ఒక పల్లె అంత పెద్ద పుస్తకానికి సరిపోయిందన్నమాట. మరి మన ఊరు నాలుగు పేజీలకైనా సరిపోదా?

ఊరు ఉన్న చోటు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్, జిల్లెలగూడ, మీర్‌పేట మీదుగా దక్షిణం వైపు వస్తే బడంగ్‌పేట తగులుతుంది. తూర్పున ఎల్.బి.నగర్ నుంచి పోయే నాగార్జునసాగర్ రోడ్డు, పడమట చాంద్రాయణగుట్ట నుంచి పోయే శ్రీశైలం రోడ్డు. ఈ రెండు రోడ్లకు నడుమ పడిన ఊరిది. చుట్టూ అల్మాస్‌గూడ, గుర్రంగూడ, నాదర్‌గుల్, కుర్మల్‌గూడ, మామిడిపల్లి, బాలాపూర్. పెద్ద రోడ్లు రెండూ తప్పించుకొని పోవటం వల్లనేమో, దిల్‌సుఖ్‌నగర్ ఎంత పెరిగినా ఈ ఊళ్ళు చాలాకాలం ఊళ్ళుగానే ఉండగలిగాయి.

నేల అంతా దక్కను నేలే. అడుగున నల్లరాయి, పైన పలుచగా ఎర్ర చెల్క, అక్కడక్కడ గుండ్లు పేర్చినట్లు గుట్టలు. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. సాలుకు సగటున ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు నాలుగు నెలల్లోనే. ఇటువంటి చోట మనిషి నిలవాలంటే ఒక్కటే ఉపాయం. పడిన నీటిని పల్లంలో ఆపి దాచుకోవాలి. అందుకే తెలంగాణలో ఊరికో చెరువు, చెరువు చాలని చోట కుంట. పై చెరువు మత్తడి దుంకితే క్రింది చెరువు నిండాలి. దీన్నే గొలుసుకట్టు అంటారు. మా వైపు నీళ్ళు మీర్‌పేట చెరువుల మీదుగా సరూర్‌నగర్ చెరువుకు, అక్కణ్ణుంచి మూసీకి చేరుతాయి. ఈ గొలుసును కంటిముందు పెట్టుకొంటే తప్ప ఈ ప్రాంతం అర్థం కాదు.

పేర్లు చెప్పే సంగతులు

ఊరిని చదవటంలో మొదటి అక్షరం దాని పేరు. ఈ చుట్టుప్రక్కల పేర్లు చూడండి. 'అల్మాస్' అంటే పారసీలో వజ్రం, 'గూడ' మన మాట. 'నాదిర్' అంటే అరుదైనది, 'గుల్' అంటే పువ్వు. సరూర్‌నగర్ పేరులో ఉన్నది నిజాం దివాను అరస్తూ జా ఇష్టసఖి సురూర్ అఫ్జా బాయి. దిల్‌సుఖ్‌నగర్ పేరులో ఉన్నది అక్కడి భూముల యజమాని దిల్‌సుఖ్ రామ్. గుర్రంగూడ, మామిడిపల్లి అచ్చంగా మనవి. పాలించినవారి భాష, దున్నినవారి భాష ఒకే పేరులో అతుక్కొని కూర్చోవటం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

ఊరి పేరు కంటె విలువైనవి ఊరిలోపలి పేర్లు. ఫలానావారి బావి, బండ్లబాట, కుంట వెనుక చెల్క, కంచ. కంచ అంటే పశువులు మేసే బీడు. క్షిపణుల పరిశోధనకు 1988లో ఏర్పడిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ పేరు వినే ఉంటారు. ఆ 'ఇమారత్' అక్కడి ఇమారత్ కంచ నుంచి వచ్చినదే. పశువులు తిరిగిన బీడు పేరు ఇవాళ దేశ రక్షణ సంస్థ బోర్డు మీద ఉంది. అక్కడ పనిచేసేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో అడిగి చూడండి.

ఇక అందరికంటె నమ్మకమైన సాక్షి కట్ట మైసమ్మ. చెరువు కట్టను కాపాడే దేవత గనుక ఆమె గుడి కట్ట మీదనో, కట్ట మొదట్లోనో ఉంటుంది. చెరువు పూడిపోవచ్చు, కట్ట మీద తారురోడ్డు పడవచ్చు, కాని మైసమ్మను కదిలించే ధైర్యం చాలామందికి ఉండదు. ఆషాఢంలో బోనం ఎక్కడికి పోతున్నదో చూడండి, అక్కడ ఎప్పుడో ఒక కట్ట ఉండి ఉంటుంది. మా కాలనీకి రెండు వీధుల అవతల చిన్న మైసమ్మ గుడి ఉంది. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే నడిచి వెళ్ళాను. ఆమె 'కట్ట' మైసమ్మ అని బోర్డు మీద వ్రాసే ఉంది. కట్ట ఏదని నేను ఒక్కరోజూ అడగలేదు.

ఎకరం నుంచి గజం దాకా

నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్ బల్దా జిల్లా అనేవారు. అందులో చాలాభాగం సర్ఫెఖాస్, అంటే శిస్తు నేరుగా నిజాం సొంత ఖర్చులకు పోయే భూమి. తక్కిన వాటిలో జాగీర్లు ఉండేవి. 1949లో సర్ఫెఖాస్, జాగీర్లు రెండూ పోయినాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ ఈనాటికీ ఈ ప్రాంతపు భూమి తగాదాల్లో అందరూ ముందు తిరగేసే కాగితం. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. సరూర్‌నగర్ మండలం నుంచి విడివడి 2016లో బాలాపూర్ మండలం వచ్చింది. బడంగ్‌పేట 2013లో నగర పంచాయతీ, 2019లో చుట్టుప్రక్కల ఊళ్ళతో కలిసి నగరపాలక సంస్థ అయింది. 2025 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. పన్నెండేళ్ళలో గ్రామపంచాయతీ నుంచి మహానగరం దాకా! ఇంత తొందరగా బోర్డులు మారిన ఊళ్ళో పాత కాగితాలు, పాత జ్ఞాపకాలు ఎక్కడ నిలుస్తాయి?

మారింది బోర్డులే కాదు, కొలతలు కూడా. రైతు భాషలో భూమి అంటే ఎకరాలు, గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. నగరం భాషలో భూమి అంటే గజాలు. ఒక గుంట 121 చదరపు గజాలు, ఒక ఎకరం 4,840. కొలత మారిన రోజునే భూమి అర్థం మారిపోయింది. ఎకరాల్లో చెప్పినప్పుడు తరా, ఖుష్కా, బావి ఉందా, చెరువు క్రింది పొలమా అని అడిగేవారు. గజాల్లో చెప్పినప్పుడు రోడ్డు ఎంత వెడల్పు, తూర్పు ముఖమా, ఉత్తరం ముఖమా అని అడుగుతున్నాము. నేనూ అదే అడిగాను. నీరు ఏ ముఖంగా వస్తుందని అడగలేదు.

మన ప్రక్కనున్న బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం కథ అందరికీ తెలిసినదే. 1994లో 450 రూపాయలతో మొదలయింది. మొదట పాడుకొన్నది ఒక రైతు. ఆ ప్రసాదాన్ని పొలంలో చల్లుకొంటే పంట బాగా పండిందని చెప్పుకొంటారు. 2025లో అదే లడ్డూ 35 లక్షల రూపాయలు పలికింది. భక్తి సంగతి నేను మాట్లాడను. కాని ఈ రెండు అంకెల మధ్య ఈ ప్రాంతపు ముప్ఫై ఏళ్ళ ఆర్థిక చరిత్ర అంతా ఉన్నది. 2008లో శంషాబాదుకు విమానాశ్రయం వచ్చింది, దక్షిణాన ఔటర్ రింగురోడ్డు వచ్చింది, 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది. పొలంలో చల్లుకొందామంటే ఇప్పుడు పొలమేది?

నీటి లెక్క

ఇక అసలు పాఠానికి వస్తాను. లెక్కలు వచ్చిన విద్యార్థులు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40 వేల లీటర్ల నీరు. ఇరవై సెంటీమీటర్లు పడితే ఎనిమిది లక్షల లీటర్లు. నూరెకరాల మీద ఎనిమిది కోట్లు. చెల్క భూమి అయితే ఇందులో కొంత పీల్చుకొంటుంది, కొంత గట్ల దగ్గర ఆగుతుంది, మిగిలింది నెమ్మదిగా కుంటకు చేరుతుంది. అదే నూరెకరాలు స్లాబులు, సిమెంటు రోడ్లు అయితే పీల్చుకొనేది ఏమీ లేదు. నీరంతా ఒక్కసారిగా లేచి పల్లం వెతుక్కొంటుంది. పల్లంలో మా ఇల్లు ఉంది.

2020 అక్టోబరులో జరిగింది ఇదే. మీర్‌పేట, సరూర్‌నగర్ చెరువుల క్రింది కాలనీలు నీట మునిగాయి. 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు తెగి, క్రింద ఉన్న హఫీజ్ బాబానగర్ వంటి బస్తీలను ముంచింది. వాన ఎక్కువే, కాదనను. కాని నీటికి ఒక దారి, ఆగటానికి ఒక చోటు ఉండి ఉంటే నష్టం అంత ఉండేది కాదు.

శిఖం అనే మాట మీలో ఎంతమంది విన్నారు? చెరువులో నీరు నిలిచే నేలను శిఖం అంటారు. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు అందులో సాగు చేసుకొనే హక్కు కొందరు రైతులకు పట్టాగా ఉంటుంది. సాగుకే ఆ హక్కు, కట్టడానికి కాదు. వరుసగా నాలుగైదేళ్ళు వానలు లేకపోతే శిఖం చూడటానికి మామూలు బీడులాగే ఉంటుంది. సరిగా ఆ సమయంలోనే తెల్లసున్నంతో గీతలు గీసి, రాళ్ళు పాతి ప్లాట్లు చేస్తారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. పది మీటర్ల కంటె వెడల్పైన వాగుకు 9 మీటర్లు, చిన్న కాలువకు 2 మీటర్లు వదలాలి. నియమం చక్కగానే ఉన్నది. కాని హద్దు ఎక్కడో తెలిస్తే కదా మీటర్లు కొలిచేది!

ఆ వరద తరువాత నేను చేసిన పని చెపుతాను. ఊరి నక్షా నకలు, మా సర్వే నంబరు పాత పహాణీ నకలు సంపాదించాను. నక్షాలో ఒక సన్నని జంట గీత మా వీధి మీదుగా పోతున్నది. అది వాగు. దాని చివర ఒక వంపు గీత. అది కట్ట. వంపు కొసన మైసమ్మ గుడి ఉండవలసిన చోట గుడి ఉన్నది! పెద్దాయన చెప్పినది, నక్షా చెప్పినది, మైసమ్మ చెప్పినది ఒక్కటే. నాకు ప్లాటు అమ్మినవాడు మాత్రమే వేరుగా చెప్పాడు. వాణ్ణి తిట్టుకొని లాభం లేదు. ఈ మూడు సాక్ష్యాలూ నేను కొన్ననాడు కూడా అక్కడే ఉన్నాయి.

మనం చేయగల పని

నేను ఇల్లు వదలి పోలేదు. పోవటానికి డబ్బు లేదు, అది వేరే సంగతి. మా వీధివాళ్ళం కలిసి, వాగు పోయే చోట కట్టిన గోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, నక్షా నకలు జతపరచి అర్జీ పెట్టుకొన్నాము. రెండు చోట్ల కాలువ తెరిచారు. మూడో చోట ఇల్లు ఉంది, అందులో మనుషులున్నారు. వారూ నాలాగే తెలియక కొన్నవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలియకుండా కొనేవారి సంఖ్యను తగ్గించటం మాత్రం మన చేతిలో ఉన్నదనుకొంటాను.

అందుకే విద్యార్థులకు ఒక మనవి. మీలో చాలామంది నగరం చుట్టూ ఉన్న ఇటువంటి ఊళ్ళ నుంచే వస్తున్నారు. దసరా సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు తీసుకోండి. సింక్లెయిర్ లాగా నూట అరవై ప్రశ్నలు అక్కరలేదు, పది చాలు. ఊళ్ళో చెరువులు, కుంటలు ఎన్ని, వాటి పేర్లేమిటి? తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ? మత్తడి నీళ్ళు ఏ ఊరికి పోతాయి? కట్ట మైసమ్మ, పోచమ్మ గుళ్ళు ఎక్కడ? బతుకమ్మను ఏ నీళ్ళలో వేసేవారు, ఇప్పుడు ఎక్కడ వేస్తున్నారు? నీరటి పని చేసిన కుటుంబం ఉన్నదా? ఏ పొలాన్ని ఏ పేరుతో పిలిచేవారు? ఏ బావి ఎప్పుడు పూడ్చారు? ఏ ఏడు పెద్ద వాన పడింది, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి? ఈ సంగతులు తెలిసిన పెద్దలు ఇంకా ఎంతమంది ఉన్నారు?

పదో ప్రశ్నను ముందు అడగండి. మా గేటు దగ్గర నిలబడి మాట చెప్పిన పెద్దాయన కిందటి ఏడు కాలం చేశాడు. ఆయన దగ్గర నేను వ్రాసుకొన్నది పన్నెండు పేజీలు. ఆయనకు తెలిసినదానిలో అది పదో వంతు కూడా ఉండదు. కాగితాలు ఆఫీసుల్లో దొరుకుతాయి, గుళ్ళు ఉన్నచోటనే ఉంటాయి, మనుషులు మాత్రం ఆగరు.

మీరు వ్రాసి తెచ్చిన వాటిని మా శాఖలో ఒక బీరువాలో భద్రపరుస్తాము. బీరువాలోని పై అరలు అందుకు ఖాళీ చేసి పెట్టాను. క్రింది అరల సంగతి నాకు అనుభవమే కదా!